నల్ల జీలకర్రలో లేని పదిహేడు

"ఐదింటికి మురళీకృష్ణ ఆచూకీ దేశం దాటుతుంది. దాటితే తెల్లారేసరికి మనవాడు ఉండడు."

ఎల్బీనగర్ టిఫిన్ సెంటర్ మేడమీద గదిలో చీఫ్ సాంబమూర్తి ఇచ్చిన బ్రీఫింగ్ అంతే. మురళీకృష్ణ విదేశీ ముఠాలో చొరబడిన మన ఏజెంట్. అతను దాక్కున్న చోటు దిల్‌సుఖ్‌నగర్ మూలికల ల్యాబ్ రిపోర్టులో అంకెలుగా, ఈమెయిల్‌లో వెళ్తుందట.

"ఈమెయిల్ ఆపేస్తే సరిపోదా సార్?" అంది ఏజెంట్ విజయశ్రీ.

"ఇంకో దారిన పంపుతారమ్మా. పంపే మనిషే దొరకాలి. అది కెమిస్ట్ అభిలాష్ అని ఆ ల్యాబ్‌లోనే పనిచేసే మన ఇన్ఫార్మర్ ఇంద్రాణి చెప్పింది."

నాలుగూ నలభైకల్లా విజయశ్రీ మెషిన్ సర్వీస్ ఇంజనీర్ వేషంలో ల్యాబ్‌లో ఉంది. విత్తనాల పొడిలోంచి నూనె లాగి, అందులో ఏ కొవ్వు ఆమ్లం ఎంతుందో కొలవడం అక్కడి పని. ఇంద్రాణి ఘుమఘుమలాడుతూ వచ్చింది. అందగత్తె, అనుమానం లేదు!

"మెంతులు మాడాయండీ," అని కోడ్‌వర్డ్ చెప్పి గొంతు తగ్గించింది. "అభిలాష్ గ్రాఫులు చూడండి. మొక్కల్లో ఉండేవి పదహారు, పద్దెనిమిది కార్బన్ల ఆమ్లాలు. ఈ పదిహేడు ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

నిజమే, అతని ప్రతి గ్రాఫులోనూ పదిహేడు దగ్గర శిఖరం. విజయశ్రీ ఆగలేదు, అభిలాష్ చేతికి బేడీ వేసేసింది.

"పదిహేడు ఎవరికి సంకేతం?"

"సంకేతమేంది మేడం! గా పదిహేడు మేమే తూచి కలుపుతం," అన్నాడతను. "మొక్కల ఉండది గనకనే. దాంతోని పోలిస్తెనే మిగిలినయి ఎన్ని మిల్లీగ్రాములో తెలుస్తది."

"కలపకపోతే?"

"మా పద్ధతిల శాతం చెప్పొచ్చు. మిల్లీగ్రాములు చెప్తే ఉత్త గప్పాలే."

విజయశ్రీ ఇంద్రాణి బల్ల వైపు తిరిగింది. ఇంద్రాణి చేసిన నల్ల జీలకర్ర రిపోర్టు లాక్కుంది. నాలుగేసి దశాంశాలతో మిల్లీగ్రాములు! గ్రాఫులో పదిహేడు దగ్గర శిఖరమే లేదు. అవి నూనె కొలతలు కావు, మురళీకృష్ణ దాక్కున్న చోటి అక్షాంశ రేఖాంశాలు.

నాలుగూ యాభై తొమ్మిది. ఇంద్రాణి వేలు మౌస్ మీద ఉంది.

విజయశ్రీ వాచీలోని, సిగ్నళ్ళు ఆపే జామర్ నొక్కింది. స్క్రీన్ మీద చక్రం గిర్రున తిరిగి ఆగిపోయింది. మెయిల్ కదల్లేదు.

"నేను మీ మనిషినండీ!" అని అరిచింది ఇంద్రాణి.

"జీతం వరకు మా మనిషివే," అంటూ విజయశ్రీ అభిలాష్ చేతి బేడీ తీసి ఆమెకు తగిలించింది. మురళీకృష్ణ బతికాడు.

చీఫ్ ఫోన్ చేశాడు. "ఇంద్రాణా! ఎలా పట్టుకున్నావమ్మా?"

"ఆవిడే చెప్పింది సార్, పదిహేడు ఎక్కడుందో చూడమని. అన్నిట్లో చూశాను. ఆవిడదాంట్లోనే లేదు."