ఎదురు కుర్చీ

పొద్దున్నే మేడమ్ గారి హడావుడి మొదలైందంటే ఆ ఇంట్లో మిగతా ఇద్దరూ గోడవారగా నడవాల్సిందే. మేడమ్ అంటే ఆ ఇంటి ఇల్లాలే. యూనివర్సిటీలో సోషల్ వర్క్ పాఠాలు చెబుతుంది. కుర్రకారు మత్తు అలవాట్లలో పడకుండా చూసుకోవడం ఎలాగో లెక్చరర్లకూ, హాస్టల్ వార్డెన్లకూ, విద్యార్థి వాలంటీర్లకూ నేర్పే శిక్షణ తరగతులకు ఆవిడే పెద్ద. బయట అందరూ గౌరవంగా మేడమ్ అంటారు. ఇంట్లో తండ్రీ కూతుళ్లు మాత్రం ఆటపట్టించడానికి అంటారు.

“మేడమ్ గారూ, తమరి మార్కర్ పెన్నులు ఫ్రిజ్ మీదున్నాయి. నిన్న తమరే పెట్టారు,” అన్నాడు భర్త. ఆయన కట్టుడు పళ్లు తయారు చేస్తాడు. డెంటిస్టులు పంపిన అచ్చులు చూసుకుంటూ వెనక గదిలో పొద్దస్తమానం పళ్లు నునుపు చేస్తుంటాడు.

“నేనెందుకు పెడతానండీ ఫ్రిజ్ మీద?” అంటూనే వెళ్లి తీసుకుంది.

కూతురు బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతోంది. నాన్న ఆ పిల్లను పిచ్చుక అంటాడు. చిన్నప్పుడు కళ్లు తెరిచిన దగ్గర్నుంచీ కిచకిచలే మరి. ఇప్పుడు అమ్మ పనిచేసే యూనివర్సిటీలోనే ఆర్కిటెక్చర్ చదువుతోంది. ఈమధ్య కిచకిచలు తగ్గాయి. ఆ చదువే అంత, ఊపిరి సలపనివ్వదని ఇద్దరూ సరిపెట్టుకున్నారు.

“ఏమే, అంత చలేస్తోందా? కప్పుని అలా కావలించుకున్నావు!” అంది తల్లి బ్యాగు సర్దుకుంటూ.

పిచ్చుక కప్పు కింద పెట్టలేదు. రెండు చేతులతో అలాగే పట్టుకుంది. “అమ్మా, నీతో ఒక మాట చెప్పాలి.”

“సాయంత్రం చెప్దువుగాని తల్లీ. ఆ ప్రొజెక్టర్ ఇవాళైనా వెలుగుతుందో లేదో చూసుకోవాలి.”

“నిన్న కూడా సాయంత్రమే అన్నావు.”

“నిన్న మీటింగయ్యింది కదే!”

 పిచ్చుక టీలోంచి తలెత్తి, “పోనీ ఇవాళ నీ ట్రైనింగుకి నేనూ రానా? వాలంటీర్‌గా,” అంది.

తల్లి మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్లకు తన పని మీద కూతురికి ఆసక్తి పుట్టిందనుకుంది. “రా మరి! చెప్పులేసుకో!” అని తొందరపెట్టింది. ఆ పిల్ల చెప్పదలుచుకున్న మాటేమిటో అడగాలని దారిలో కూడా ఆవిడకు తోచలేదు.

హాలు నిండుగా ఉంది. మేడమ్ బోర్డు మీద మూడు ప్రశ్నలు రాసింది. ఎవరిచ్చారు? ఎప్పట్నుంచి? మాకెందుకు చెప్పలేదు? వాటి మీద అడ్డంగా గీత కొట్టింది.

“ఈ మూడూ అడిగారంటే పిల్లలు తలుపేసుకున్నట్టే. మళ్లీ తియ్యరు. ముందు వినండి. ఊరికే వినడం కాదు, విన్నది మీ మాటల్లో తిరిగి వాళ్లకే చెప్పండి. అదే మీ నోట్లోంచి వచ్చే మొదటి వాక్యం కావాలి. సలహాలు తర్వాత.”

ఆ తర్వాత హాలు మధ్యలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించింది. ఆ శిక్షణలో అందరికీ ఇష్టమైనది ఆ కుర్చీలాటే. ఒకరు బాధలో ఉన్న విద్యార్థిగా నటించాలి. ఎదురు కుర్చీలో వాళ్లు వినడం సాధన చెయ్యాలి. చుట్టూ ఉన్నవాళ్లు గమనించాలి. మొదట ఒక వార్డెన్ తాగుబోతు కుర్రాడిగా తూలిపడి అందరినీ నవ్వించాడు. తర్వాత ఎవరని అడిగితే పిచ్చుక లేచింది. ఎదురు కుర్చీలోకి ఒక వ్యాయామ మాస్టారు వచ్చి, తన ఒడ్డూ పొడుగూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బందిగా సర్దుకున్నాడు.

“డ్రాయింగులు ఇచ్చే గడువు దగ్గర పడితే నిద్ర రాకుండా ఉండటానికి ఒక సీనియర్ మాత్రలిచ్చింది,” అని మొదలుపెట్టింది పిచ్చుక. గొంతు మెల్లగా ఉంది. “తర్వాత అవి లేకపోతే గీత గియ్యలేకపోయాను. అవేసుకుంటే నిద్ర పట్టదు, దానికి వేరే మాత్రలు. ఇప్పుడు పొద్దున్న టీ తాగాలన్నా కప్పు రెండు చేతులతో పట్టుకోవాలి, లేకపోతే ఒలికిపోతుంది. మా ఇంట్లో చెప్దామనుకుంటాను. మా అమ్మ చాలా మంచిది. అందరి పిల్లల సంగతీ కనుక్కుంటుంది. నాకే...”

“ఒక్క నిమిషం,” అంది మేడమ్ చెయ్యెత్తి.

పిచ్చుక ఆగిపోయింది.

“ఇక్కడ మనమొకటి గమనించాలి. నిజంగా అలవాటు పడ్డ పిల్లలు ఇంత సూటిగా చెప్పరు. దాస్తారు, బుకాయిస్తారు. మా అమ్మాయి కదా, నేనే చెప్పాలి.” మేడమ్ నవ్వింది. “కాస్త సినిమాలా ఉంది తల్లీ. ఆ అమ్మ సంగతి మరీ ఎక్కువైంది. పదికి ఆరు మార్కులు.”

హాలంతా నవ్వింది. పిచ్చుక కూడా నవ్వి, లేచి వెళ్లి వెనక వరసలో కూర్చుంది. టీ విరామం తర్వాత అక్కడ కనిపించలేదు. క్లాసేదో ఉండి ఉంటుందిలే అనుకుంది తల్లి.

సాయంత్రం మేడమ్ మంచి హుషారుగా ఇంటికొచ్చింది. భర్త వెనక గదిలో పళ్ల వరస ఒకటి దీపం కింద పెట్టి చూసుకుంటున్నాడు. ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

“మీ కూతురి నటన చూసి తీరాల్సిందండీ! కంట తడి ఒక్కటే తక్కువ. డ్రాయింగులట, మాత్రలట, కప్పు రెండు చేతులతో పట్టుకుంటేగానీ టీ తాగలేదట...”

అక్కడ ఆవిడ గొంతు ఆగిపోయింది. పెదవుల మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. భర్త చేతిలోని పళ్ల వరస బల్ల మీద పెట్టాడు.

“నేనూ చలేమో అనుకున్నాను. ఇలా చాలారోజుల నుంచి పట్టుకుంటోంది,” అన్నాడు మెల్లగా.

 మేడమ్ పరుగున వెళ్లి కూతురి గది తలుపు తోసింది. పిచ్చుక మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. తల్లి ఇంకేమీ ఆలోచించలేదు. కాలేజీ బ్యాగు అందుకుని నేల మీద కుమ్మరించింది. పెన్సిళ్లు, స్కేళ్లు, రబ్బర్లు దొర్లాయి. వాటి మధ్యలోంచి సగం ఖాళీ అయిన మాత్రల అట్ట బయటపడింది.

“ఎవరిచ్చారే ఇవి? ఎప్పట్నుంచి వేసుకుంటున్నావు? మాకెందుకు చెప్పలేదు?”

పిచ్చుక ఆవిడ వంక చూసింది. ఆ చూపులో కోపం కన్నా అలసట ఎక్కువుంది. “ఈ మూడే కదమ్మా పొద్దున బోర్డు మీద రాసి కొట్టేశావు.”

తల్లి చేతిలోని ఖాళీ బ్యాగు నేల మీద పెట్టింది.

“ఎందుకు చెప్పలేదా? నిన్న చెప్పబోయాను. మొన్న చెప్పబోయాను. అప్పుడు నువ్వు ఫోన్లో ఎవరో అబ్బాయి వాళ్ల నాన్నకి ధైర్యం చెబుతున్నావు. నీ తప్పేం కాదు, ఆ అబ్బాయికీ కష్టమేగా. కానీ నాకు తెలుసు, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల మాట మాత్రం నువ్వు ఫోన్ పక్కన పెట్టి వింటావు. అందుకే వచ్చాను.” పిచ్చుక మోకాళ్లను ఇంకా దగ్గరికి లాక్కుంది. “నువ్వు మార్కులేశావు.”

“అమ్మా పిచ్చుకా, మీ అమ్మకి తెలీక...” అన్నాడు గుమ్మంలోంచి తండ్రి.

“మీరు కాసేపు ఊరుకోండి. నన్ను వెనకేసుకు రాకండి,” అంది మేడమ్. తర్వాత తన మాట తనకే గట్టిగా వినిపించి, “కోపం కాదండీ. మీరూ రండి లోపలికి,” అంది.

ఆవిడ నేల మీద చతికిలబడి పెన్సిళ్లు ఒక్కొక్కటే ఏరి బ్యాగులో వేసింది.  ఊళ్లో పిల్లలందరి కళ్లూ చదవగలనని తిరిగిన మనిషి, తన బల్ల దగ్గర కూర్చున్న పిల్ల చేతులు చూడలేకపోయింది. చూసి కూడా హాస్యమాడింది. నలుగురిలో నవ్వించింది. ఆ నవ్వులు తలుచుకుంటే ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

లేచి వెళ్లి ముందు గదిలోంచి రెండు కుర్చీలు తెచ్చి ఎదురెదురుగా వేసింది. చేతి సంచిలోంచి ఫోన్ తీసి ఆపేసి భర్త చేతికిచ్చింది.

“కూర్చుంటావా తల్లీ? ఇష్టం లేకపోతే వద్దులే. నేను మాత్రం ఇక్కడే కూర్చుంటాను.”

పిచ్చుక నాన్న చేతిలోని ఫోన్ వంక చూసింది. తర్వాత మంచం దిగి వచ్చి కూర్చుంది. “ఎక్కడ్నుంచి చెప్పను?”

“నేను ఆపేసిన చోటు నుంచి.”

పిల్ల చెప్పింది. మానేద్దామని ప్రయత్నించిన పొద్దులు, ఒళ్లంతా చెమటలు పట్టి తరగతిలోంచి బయటికొచ్చేసిన రోజు, ఆ సీనియర్ కూడా అలాగే ఇరుక్కుపోయిందని తెలిసి ఏడ్చిన సంగతి, అన్నీ. తల్లికి మధ్యలో పదిసార్లు అడ్డుపడాలనిపించింది. పెదవి కొరుక్కుంటూ ఊరుకుంది. తండ్రి మంచం అంచున కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు.

పిచ్చుక చెప్పడం ముగించి ఎదురు చూసింది. శిక్షణ ప్రకారం ఇప్పుడు వినేవాళ్ల వంతు.

“నువ్వు... చదువు కోసం మాత్రలు మొదలుపెట్టావు. ఇప్పుడు ఆపలేకపోతున్నావు. నీకు భయంగా ఉంది,” అంది తల్లి.

పిచ్చుక తల అడ్డంగా ఊపింది. “అది కూడా నిజమే. కానీ నేను చెప్పింది అది కాదమ్మా.”

మేడమ్ కళ్లు మూసుకుంది. ఎన్నో హాళ్లలో ఎందరిచేతో చెప్పించిన వాక్యం, తన గొంతు దాటి రావడానికి ఇంత కష్టమవుతుందని ఆవిడకు ఎప్పుడూ తెలియదు. కన్నీళ్లు జారిపోతుంటే తుడుచుకోలేదు.

“నా కూతురు నాతో మాట్లాడాలని...” అని ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. “నా కూతురు ఇంట్లో నాతో మాట్లాడే వీల్లేక, పరాయి పిల్లలా నా క్లాసుకొచ్చి కూర్చుంది.”

పిచ్చుక కుర్చీలోంచి వంగి తల్లి ఒళ్లో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తల్లి ఆ జుట్టు నిమురుతూ, రేపు ముగ్గురూ కలిసే డాక్టరు దగ్గరికి వెళ్దామంది. పిల్ల సరేనంది.

చాలాసేపటికి ఒళ్లోంచి బొంగురుపోయిన గొంతు వినిపించింది. “ఇప్పుడు సరిగ్గా విన్నావమ్మా.”