అమ్మ అడిగిన పటం

పెయ్‌లాన్ క్యాబేజీ ఊరబెట్టిన జాడీ మీద బరువుకి పెట్టిన రాయి కడుగుతుండగా, కూతురు రూయీ గుడ్డ కప్పిన పెద్ద పటం మోసుకుంటూ లోపలికి వచ్చింది. చైనాలో షెన్యాంగ్ నగరంలోని ఆ పాత మిల్లు వాడలో ముసలమ్మలందరూ తాము పోయాక ధూపం ముందు పెట్టే పటాన్ని బతికుండగానే సిద్ధం చేసుకున్నారు. మంచి కోటు తొడుక్కుని స్టూడియోలో తీయించుకుని బీరువాల్లో దాచుకున్నారు. పెయ్‌లాన్ మాత్రం "నాకు స్టూడియో దేనికి? నా కూతురే వేస్తుంది" అని ఇరుగుపొరుగు దగ్గర తెగ గొప్పలు పోయింది.

గుడ్డ తీయగానే ఆమె ముఖం మాడిపోయింది. బొమ్మలో పచ్చగా, ఎర్రగా కలగలిసిన ముఖం. చెవులదాకా తెరుచుకున్న నోరు. పొయ్యి మంటలో ఒంటికి మించిన చెయ్యి ఒకటి.

"దీని ముందు దండం పెట్టమంటే పిల్లలు జడుసుకుంటారు," కొడుకు హాయ్‌తావ్ నవ్వాడు.

"నువ్వు నోర్ముయ్‌రా! ఏమే రూయీ, శుభ్రంగా తల దువ్వుకుని కూర్చున్న అమ్మ నీకెప్పుడూ కనబడలేదా?"

"నాకు కనబడింది ఇదేనమ్మా. పరీక్షల ముందు నా బొమ్మలన్నీ పొయ్యిలో పెట్టావే, ఆ రోజుది."

"పెట్టాను! మిల్లు మూసేశారు, మీ నాన్న పోయాడు. నువ్వు చదువు మానేసి బొమ్మలు గీసుకుంటుంటే రేపు నీకు తిండెవరు పెడతారని పెట్టాను. ఇన్నేళ్లు కక్ష దాచుకుని నా చావుకి తెచ్చావా దీన్ని? తీసుకుపో. ఆ చెయ్యి చూడు, ఎలా తోస్తోందో మంటలోకి!"

"తోయడం లేదు. దగ్గరికొచ్చి చూడు."

పెయ్‌లాన్ కళ్లజోడు పెట్టుకుని వంగింది. ఆ వేళ్లు సగం కాలిన కాగితాన్ని పట్టుకుని బయటికి లాగుతున్నాయి. బొటనవేలి నుంచి మణికట్టుదాకా చర్మం ఊడిపోయి ఉంది. ఆమె గబుక్కున చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది. తన చేతి మీది ఆ మచ్చ మరుగుతున్న నీళ్లు ఒలికి పడిందని ఇన్నేళ్లూ ఆమే అందరికీ చెప్పుకొచ్చింది.

"నువ్వు ఏడుస్తూ మంచులోకి పరిగెత్తావు కదే!"

"కిటికీలోంచి చూశాను."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెబితే నిన్ను క్షమించాల్సి వచ్చేదమ్మా. నాకిష్టం లేకపోయింది."

హాయ్‌తావ్ నవ్వు ఆగిపోయింది. పెయ్‌లాన్ స్టూలు మీద కూలబడింది.

"ఒక్కటీ దక్కలేదే," అంది. "అన్నీ చేతిలోనే బూడిదైపోయాయి."

ఇద్దరూ ఏడ్చారు, కానీ ఒకరినొకరు పట్టుకోలేదు. రూయీ బొమ్మకి మళ్లీ గుడ్డ కప్పి తలుపు వైపు నడిచింది.

"ఎక్కడికే?" పెయ్‌లాన్ ముక్కు తుడుచుకుంది. "అది బీరువాలో పట్టదు. నా మంచం కింద పెట్టు. నేను పోయిన రోజు నువ్వే బయటికి తియ్యాలి, మీ అన్న కాదు."