ఫారంలో దాచిన షుగరు

మల్లీశ్వరితో నేను మాట్లాడిన మొదటి మాట బేరం. ఆమె నాతో అన్న మొదటి మాట "కుదరదండీ."

ఒమన్‌లోని సహం బజారులో మా కిరాణా షాపుకు రెండు వీధుల అవతల, మందుల దుకాణం పైన ఒక ఇన్సూరెన్స్ ఏజెన్సీ ఉంది. ఆ ఏడాది నాకూ, షాపులో పనిచేసే ముగ్గురికీ కలిపి ప్రైవేట్ హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకుందామని వెళ్ళాను. హిందీలో మాట్లాడటానికి గొంతు సవరించుకుంటుంటే కౌంటర్ వెనక ఉన్న అమ్మాయి ఫోన్‌లో ఎవరితోనో అచ్చమైన గోదావరి తెలుగులో మాట్లాడుతోంది. బల్ల మీద పేరు బోర్డు చదివాను. మల్లీశ్వరి.

ఆమె ఫోన్ పెట్టగానే నేను మొదలుపెట్టాను.

"నలుగురం ఉన్నం మేడం. హోల్‌సేల్ రేటు చెప్పండి."

"కుదరదండీ. ఇది ఉల్లిపాయల బస్తా కాదు."

"బస్తా అయితే మూతి విప్పి చూసి కొంట. మీరు విప్పకుంటనే కొనమంటున్నరు."

ఆమె అప్పుడు తలెత్తి చూసింది. పన్నెండేళ్ళుగా వ్యాపారం చేస్తున్నాను. కొనేవాడి చూపు, చూసి పోయేవాడి చూపు, అప్పు అడగబోయేవాడి చూపు, అన్నీ నాకు తెలుసు. ఈ చూపు ఏ లెక్కలోకీ రాలేదు.

"అయితే కూర్చోండి. విప్పుతాను," అంది.

మూడు ప్లాన్లు విప్పింది. నేను కాగితం మధ్యలో గీత గీసి ఒక పక్క లాభం, ఒక పక్క నష్టం అని రాసుకున్నాను.

చిన్న ప్లాన్ అన్నిటికంటే చౌక. కానీ డాక్టరు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ మొదట కొంత మన జేబులోంచే కట్టాలి. లిస్టులో సహంలో ఉన్నది ఒక్కటే క్లినిక్, ఏదైనా పెద్దదొస్తే పక్క పట్నం సోహార్‌కు పరుగెత్తాలి. అన్నిటికంటే ముఖ్యం, పాత జబ్బులకు పైసా రాదు. నడిమి ప్లాన్ మనిషికి పద్దెనిమిది రియాళ్ళు ఎక్కువ. ముందే రాసిస్తే పాత జబ్బులకు కూడా ఒక హద్దు వరకు ఇస్తారు. పెద్ద ప్లాన్‌లో పళ్ళు, కళ్ళు, సెలవు మీద ఇండియా వెళ్ళినప్పుడు వైద్యం, అన్నీ ఉన్నాయి. ధర కూడా అలాగే ఉంది.

"పళ్ళెందుకు మేడం? మా వాళ్ళందరికీ గట్టిగనే ఉన్నయి."

"మంచిదేనండీ. నొప్పి వచ్చేటప్పుడు ముందుగా ఫోన్ చేసి రాదు కదా."

నేను ఏదో రాసుకున్నాను.

"ఏం రాసుకుంటున్నారు?"

"చిన్న ప్లాన్ నష్టాలు."

"నష్టాలు రాసుకుంటూ నవ్వేవాళ్ళని మిమ్మల్నే చూశాను," అని ఆమె కూడా నవ్వాపుకుంది. "సరే. మీలో ఎవరికైనా షుగరు, బీపీ, పాత ఆపరేషన్లు?"

"ఎవ్వరికేం లేదు. పొద్దుగాల లేచి బస్తాలు మోసేటోళ్ళం."

"అడిగి చెప్తున్నారా, అనుకుని చెప్తున్నారా?"

నేను నాలుగు ఫారాలు తీసుకుని బయటపడ్డాను. జవాబు చెప్పలేదని మెట్లు దిగాక తెలిసింది.

ఆ తర్వాత పది రోజుల్లో మూడుసార్లు వెళ్ళాను. ఒకసారి క్లినిక్ పేరు కనుక్కోవడానికి, ఒకసారి ఫోటో సైజు అడగడానికి. మూడోసారి ఎందుకు వెళ్ళానో మెట్లెక్కుతూ ఆలోచించుకోవాల్సి వచ్చింది.

"రఘుపతి గారూ, ఇవన్నీ ఫోన్‌లో అడగొచ్చు కదండీ?"

"ఫోన్‌ల మీ మాట సగమే వినవడతది."

"మిగతా సగం?"

"ఎదురుంగ కూసుంటేనే వస్తది."

ఆమె ఫైలు కోసం కింది డ్రాయరు తెరిచింది. చాలాసేపు వెతికింది. ఫైలు బల్ల మీదే ఉంది. నేను చెప్పలేదు. వెతికేటప్పుడు ఆమె చెవులు ఎర్రగా కనబడుతున్నాయి.

ఇక్కడ మా పోచన్న మామ గురించి చెప్పాలి. మా అమ్మ తమ్ముడు. జగిత్యాల దగ్గర మా ఊరి నుంచి నన్ను ఒమన్ తీసుకొచ్చింది ఆయనే. మొదట సైట్లలో ఇటుకలు మోశాడు, నేను షాపు పెట్టాక సైటు వదిలి నా దగ్గరికి వచ్చాడు. యాభై నాలుగేళ్ళు. షాపులో నేను లేకపోయినా నడుస్తుంది, ఆయన లేకపోతే నడవదు.

మామ తన ఫారం తనే నింపాడు. పద్నాలుగు ప్రశ్నలు. పద్నాలుగింటికీ 'లేదు' అని టిక్కు. టిక్కులన్నీ దారం పట్టి గీసినట్టు ఒకే వరసలో ఉన్నాయి. చూసి ముచ్చటపడ్డాను. ఎవరికీ ఏమీ లేదు కనుక చిన్న ప్లానే లాభమని తేల్చేశాను.

ఫారాలు తీసుకోవడానికి మల్లీశ్వరి షాపుకే వస్తానంది. వచ్చిన రోజే వాన పడింది.

సహంలో వానంటే ఏడాదికి కొద్ది రోజుల పండగ. కార్లవాళ్ళు అద్దాలు దించి చేతులు బయటపెట్టారు. ఎదురుగా దర్జీ ఖమరుద్దీన్ కుర్చీ బయట వేసుకుని కావాలని తడుస్తున్నాడు. అరగంటలో ఏజెన్సీకీ మా షాపుకీ మధ్య ఉన్న ఎండు వాగు పారడం మొదలైంది. ఇక్కడ దాన్ని వాదీ అంటారు. అది పారితే దాటడానికి లేదు.

"ఇరుక్కుపోయారు మేడం," అన్నాను. ఎంత దాచుకున్నా సంతోషం బయటపడింది.

"మీరు దేవుడికి ఫోన్ చేసి పిలిపించినట్టున్నారు," అని ఆమె కందిపప్పు డబ్బాల పక్కన స్టూలు మీద కూర్చుంది. పాలకొల్లులో వాన ఎలా ఉంటుందో చెప్పింది. మా దగ్గరి పచ్చళ్ళన్నీ వాసన చూసి, ఆవకాయలో ఆవపిండి తక్కువని తేల్చింది. నా షాపు సరుకుకు వంక పెట్టినవాళ్ళను నేను రెండోసారి రానివ్వను. ఆమె ఇంకో వంక పెడితే బాగుండునని కూర్చున్నాను.

బయట బస్తాలు లోపల పెట్టి మామ తడిసి వచ్చాడు. టీ ఇచ్చి, మూలకు తిరిగి కూర్చుని మేజోడు విప్పుకున్నాడు. కాలి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ పసుపుపచ్చగా తడిసి ఉంది.

మల్లీశ్వరి టీ గ్లాసు పక్కన పెట్టింది.

"అదేంటి బాబాయ్?"

"చెప్పు కరిచింది బిడ్డా. గంతే."

"ఎన్నాళ్ళయింది?"

"మొన్న."

"మొన్న కరిస్తే ఇలా ఉండదు. ఎన్నాళ్ళయింది?"

"నెల... నెలన్నర గావొచ్చు."

ఆమె చేతిలోని ఫారాల్లోంచి మామది బయటికి తీసింది. ఆ వరస టిక్కులు చూసింది. మామ కాలు చూసింది.

"షుగరు ఎప్పట్నుంచి ఉంది బాబాయ్?"

మామ గబగబా మేజోడు తొడుక్కోబోయాడు. భయంగా నా వైపు చూశాడు.

"ఈ ఫారం నేను తీసుకెళ్ళనండీ," అంది నాతో. "ఇందులో లేదు అని రాసి, రేపు ఈ కాలితో హాస్పిటల్‌కి వెళ్తే, దాచారని కంపెనీ ఒక్క రియాలు కూడా ఇవ్వదు. నిజం రాసి నడిమి ప్లాన్ తీసుకోండి."

నడిమి ప్లాన్. మనిషికి పద్దెనిమిది ఎక్కువ. నా బుర్ర ఎన్నేళ్ళుగానో ఒకే పని చేస్తోంది, ఎదుటివాడికి ఇందులో ఏం మిగులుతుందో చూడటం. ఆ క్షణంలో కూడా ఆ పనే చేసింది.

"నడిమి ప్లాన్ అమ్మితే మీకు కమిషన్ ఎక్కువొస్తదా మేడం?"

ఆమె స్టూలు మీంచి లేచింది.

"వస్తుందండీ," అంది మల్లీశ్వరి. "మనిషికి రియాలున్నర."

ఫారాలు బల్ల మీద పెట్టి, వాదీ తగ్గిందో లేదో చూడకుండానే బయటికి నడిచింది. గొడుగు ఇద్దామంటే, అన్నీ అమ్మే నా షాపులో గొడుగు లేదు. ఒమన్‌లో గొడుగు ఎవరు కొంటారని ఎప్పుడూ తెప్పించలేదు.

"అల్లుడా," అన్నాడు మామ. "ఆ పొల్లను ఎందుకన్నవ్‌రా గా మాట? గామె చెప్పింది నిజమే."

"ఏంది నిజం?"

"ఎనిమిదేండ్లాయె, షుగరొచ్చి. ఊరి నుంచి వచ్చేటోళ్ళు పచ్చడి డబ్బాలల్ల షుగరు గోలీలు తెస్తరు."

"ఎనిమిదేండ్లు నాకు చెప్పలే?"

"మొదటిసారి వీసాకు నేను, మన ఊరి ఓంకార్ కలిసి బొంబాయిల మెడికల్‌కు పోయినం. గాయన ఊపిరితిత్తుల ఏదో మచ్చ ఉన్నదని కాయితం మీద రాసిండ్రు. అన్‌ఫిట్ అన్నరు. ఒక్క సంచిల ఇద్దరి బట్టలు తెచ్చుకున్నం. నేను విమానం ఎక్కిన, గాయన సంచి పట్టుకొని రైలెక్కిండు. గప్పటి సంది కాయితం మీద రోగం అని కనబడితే నా చెయ్యి లేదు అనే రాస్తది. నీకు చెప్తే నువ్వు గూడ ఇంటికి పొమ్మంటవేమోనని..."

ప్రతి ప్యాకెట్టునూ వెనక్కి తిప్పి తారీఖు చూసే మనిషిని నేను. రోజూ నా ఎదురుగా కుంటుతూ తిరుగుతున్న మనిషిని తిప్పి చూడలేదు. వేరే ఊరి నుంచి వచ్చిన పిల్ల ఒక్క గంటలో చూసింది. ఆ పిల్లకు నేను రియాలున్నర ధర కట్టాను.

మర్నాడు పొద్దున్నే మామను క్లినిక్‌కు తీసుకెళ్ళాను. డాక్టర్ రాహిల్ గాయం కడిగి కట్టు కట్టాడు. ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే వేలు తీసేయాల్సి వచ్చేదన్నాడు. అక్కడి నుంచి నేరుగా ఏజెన్సీకి వెళ్ళాం.

లోపల మేము తప్ప ఎవరూ లేరు. మల్లీశ్వరి కంప్యూటరులోంచి తల ఎత్తలేదు.

"టోకెన్ తీసుకోండి."

తీసుకున్నాను. ఏడో నంబరు. కూర్చున్నాం. ఆమె ఖాళీ గది వైపు చూసి "నాలుగు," అని పిలిచింది. ఎవరూ రాలేదు. కాసేపాగి "అయిదు," అంది. "ఆరు," అంది. నేను తల దించుకుని కూర్చున్నాను. ఏడు పిలిచేసరికి గోడ గడియారంలో పదిహేను నిమిషాలు గడిచాయి.

"చెప్పండి."

"తప్పయింది," అన్నాను. ముందుగా తయారుచేసుకున్న మాటలన్నీ మరిచిపోయాను.

"బిడ్డా, తప్పు నాది," అన్నాడు మామ. "వీడు మనిషి మంచోడే. రేటు అడుగుడు తప్ప ఇంకేం నేర్వలే."

ఆమె పెదవి మూలన ఏదో కదిలింది. కొత్త ఫారం తీసి మామ ముందు పెట్టింది. షుగరు అన్న గడి దగ్గర మామ పెన్ను ఆగింది.

"ఇది వీసా ఆఫీసుకు పోదు గద బిడ్డా?"

"పోదు బాబాయ్. ఇన్సూరెన్స్ కంపెనీకే వెళ్తుంది. చూడండి, చదివి వినిపించానని కింద నేను కూడా సంతకం పెడుతున్నాను."

మామ 'ఉంది' అని టిక్కు పెట్టాడు. అది మాత్రం వంకరగా వచ్చింది.

నడిమి ప్లాన్‌లోని నష్టాలు కూడా ఆమె దాచలేదు. ఇప్పటి గాయం ఖర్చు మేమే పెట్టుకోవాలి. పాలసీ మొదలయ్యాక షుగరు మందులు, డాక్టరు ఫీజు ఒక హద్దు వరకే వస్తాయి. హద్దు దాటితే మళ్ళీ మనమే. అమ్మేవాళ్ళు సరుకు లోపం ముందు చెప్పడం నా వ్యాపారంలో నేనెప్పుడూ చూడలేదు.

"ఇప్పుడు మీది," అంది. "మీకేం లేవా?"

"రెండుసార్లు కిడ్నీల రాయి వచ్చింది."

"చూశారా! ఇంకా?"

"నిన్నటి సంది తిండి దిగుతలేదు. మీరు వానల పోయినంక."

"దానికి ఏ ప్లాన్‌లోనూ రాదండీ," అంది రాసుకుంటూనే.

"ప్లాన్‌ల రాదని తెలుసు. మీరేమన్న జేస్తరా అని అడుగుతున్న."

పెన్ను ఆగింది. మామ చటుక్కున లేచి, గోడ మీది అరబిక్ క్యాలెండర్ చదవడం మొదలుపెట్టాడు. ఆయనకు అరబిక్ చదవడం రాదు.

"సోహార్‌లో మా పిన్ని ఉంది," అంది మల్లీశ్వరి మెల్లగా. "నన్ను పెంచింది ఆవిడే. శుక్రవారం సెలవు. ఆవిడతో మాట్లాడండి."

ఆ పిన్ని తిరుపతమ్మ గారు సోహార్‌లో ఒక ఒమానీ ఇంట్లో వంట చేస్తారు. ఆ ఇంటి యజమానురాలు రాబియా శుక్రవారం వెనక గది ముందున్న వరండా మాకు ఇచ్చింది. ప్లాస్టిక్ బల్లకు ఒక పక్క నేను, మామ. ఎదురుగా తిరుపతమ్మ గారు, మల్లీశ్వరి. మధ్యలో చేపల పులుసు.

"మా పిల్ల నీ గురించి మంచి అంతా చెప్పింది బాబూ," అన్నారు తిరుపతమ్మ గారు. "చెడు నువ్వు చెప్పు."

'ఏం లేదండీ' అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. మామ పద్నాలుగు టిక్కులు ఎలా పెట్టాడో అప్పుడర్థమైంది. పోగొట్టుకోవడం ఇష్టం లేని చోట చెయ్యి దానంతటదే అబద్ధం రాస్తుంది.

"షాపు మీద బాకీ ఉన్నదండీ, ఇంకో రెండేండ్లు తీరదు," అన్నాను. "కిడ్నీల రాళ్ళు పడ్డయి. గురక పెడతనని మామ అంటడు. మనిషి ఏమన్న మంచి చేస్తే ముందు ఎందుకు చేసిండని చూస్త, గదే పెద్ద రోగం. మీ మల్లీశ్వరిని గట్లనే అనుమానించిన. వానల వెళ్ళగొట్టినంత పని చేసిన."

తిరుపతమ్మ గారు గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆ ముఖం చూసి నా పని అయిపోయిందనుకున్నాను.

"నావి కూడా వినండి," అంది మల్లీశ్వరి. "కోపమొస్తే రెండు రోజులు మాట్లాడను. తప్పు చేసినవాళ్ళని టోకెన్ ఇచ్చి కూర్చోబెడతాను. ఆ రోజు వానలో ఏడ్చుకుంటూ వెళ్ళాను. కమిషన్ మాట నాకు కొత్త కాదు, వారానికి ఇద్దరైనా అంటారు. నవ్వి ఊరుకుంటాను. మీరు అన్నందుకు ఏడుపొచ్చింది."

మామ దగ్గాడు. తిరుపతమ్మ గారు నా కంచంలో తల ముక్క వేసి, "పోచన్న గారూ, మీ అక్కగారి ఫోన్ నంబరు ఇవ్వండి," అన్నారు.

మామ నంబరు చెప్పడానికి కుర్చీ లాక్కుని ఆవిడ వైపు జరిగాడు. నా పక్క ఖాళీ అయింది. మల్లీశ్వరి తన కంచం పట్టుకుని లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆ ఖాళీలో కూర్చుంది.