పక్క సీట్లో మాస్టారు

బండి స్పీడు నలభై దాటితే మాస్టారికి దేవుళ్ళంతా వరసగా గుర్తొస్తారు. డ్రైవింగ్ స్కూలు నడిపేవాడికి అది గొప్ప సుగుణమే. కానీ ఆ ఉదయం అతను కూర్చున్నది స్కూలు కారులో కాదు, నడుమెత్తు చక్రాలున్న రేసు ట్రక్కులో. ఛాతీ మీద బెల్టులు, తల మీద హెల్మెట్, ఒళ్ళో దారి పుస్తకం. పక్కన స్టీరింగ్ పట్టుకుని లారీ షెడ్డు యజమాని కూతురు. షెడ్డులో అందరూ ఆమెను చిన్నమేస్త్రి అంటారు.

ఒకప్పుడు ఆమె స్పీడు భరించలేక డ్రైవింగ్ స్కూల్లోంచి పంపేసింది ఈ మాస్టారే.

"నేను నడిపితే వెనక సీట్లో కూడా కూర్చోనన్నారుగా?" హెల్మెట్ మైకులోంచి ఆమె గొంతు గలగలమంది.

"ఇది ముందు సీటు కదండీ. మాట తప్పలేదు."

"అబ్బో! గొంతు వణుకుతోంది గానీ మాటకి మాత్రం లోటు లేదు."

ఈ సీటు నిజానికి ఆమె అన్నయ్యది. నిన్న సాయంత్రం అతను టూల్‌బాక్సు మీంచి దూకి కాలు బెణికించుకున్నాడు. పక్కన దారి చెప్పేవాడు లేకపోతే ఏ బండినీ బయల్దేరనివ్వరు. రేసు చూసిపోదామని వచ్చిన మాస్టారు, తన కాలేజీ స్నేహితుడైన ఆ అన్నయ్య కంట పడ్డాడు.

"ఒరేయ్, రోజూ పక్క సీట్లో కూర్చునే కదా బతుకుతున్నావు. రేపొక్కరోజు ఇక్కడ కూర్చో."

కుదరదందామని మాస్టారు నోరు తెరిచాడు. స్నేహితుడి వెనక చిన్నమేస్త్రి గ్రీజు చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. తుడిచిన చేతినే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటోంది. తెరిచిన నోరు "సరే" అనేసింది.

పోయినేడు సగం దారిలో ఇరుసు విరిగి, ఆమె ట్రక్కును తాడు కట్టి లాక్కొచ్చారు. "ఈసారి సొంత ఇంజను మీద చివరి గీత దాటు. తాడుతో వచ్చావా, ఇక స్టీరింగ్ కిరాయి డ్రైవరుది," అన్నాడు తండ్రి. ఆయన మాట ఆయన బిగించిన నట్టు లాంటిది. తర్వాత ఎవరు తిప్పినా తిరగదు.

జెండా ఊగింది.

"చెప్పండి మాస్టారూ!"

"ముందు కుడి మలుపు. తర్వాత పెద్ద గుంట. దయచేసి నెమ్మదిగా..."

"దయచేసి అని పుస్తకంలో ఉందా?"

"లేదు. అది నా సొంతం."

గుంట రానే వచ్చింది. ట్రక్కు గాల్లోకి లేచింది. మాస్టారి ప్రాణాలు దానికంటే ఓ జానెడు పైకి లేచాయి. స్కూలు కారులో అతని కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఏళ్ళ తరబడి అలవాటుపడ్డ కాలు, తనంతట తానే నేలను గట్టిగా తొక్కింది.

భోఁ మని హారన్ మోగింది. ముందు దుమ్ము రేపుకుంటూ పోతున్న ఎర్ర ట్రక్కు ఉలిక్కిపడి పక్కకు తప్పుకుంది.

"శభాష్!" అంటూ ఆమె దాన్ని దాటేసింది.

ఎవరికి శభాషో మాస్టారికి అర్థం కాలేదు. ఇంకో గుంట, ఇంకో భోఁ. ఈసారి నీలం ట్రక్కు దారిచ్చింది. ఆ తర్వాత దిగుడులో, మాస్టారు కళ్ళు మూసుకుని తొక్కిపట్టిన తొక్కుడికి ఇంకో రెండు బళ్ళు పక్క గట్టు మీదికెక్కి నిలబడ్డాయి.

"మీలో ఇంత దూకుడుందని తెలీదు. పాపం, వాళ్ళ చెవులు వాచిపోయుంటాయి."

"నేనేం చేశాను? హారన్ కొట్టేది మీరు కదా?"

"నా రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. హారన్ మీ కాలి కింద ఉంది. అన్నయ్య చెప్పలేదా?"

మాస్టారు కిందికి చూశాడు. బూటు కింద గుండ్రటి మీట. "నేను బ్రేకు అనుకుని..."

ఆమె నవ్వుకి ట్రక్కు కూడా ఓసారి అటూ ఇటూ ఊగింది. "అంటే మీరు భయపడ్డ కొద్దీ మనం ముందుకి పోతున్నామన్నమాట! భయపడండి మాస్టారూ, మొహమాటపడకుండా భయపడండి!"

ఆ నవ్వు వాగు దగ్గర ఆగిపోయింది.

మోకాటి లోతని పుస్తకంలో ఉంది. పైన ఎక్కడో వాన పడ్డట్టుంది, నీళ్ళు ఎర్రగా, వెడల్పుగా సుడులు తిరుగుతున్నాయి. నడిమధ్యలో ఒక ట్రక్కు ముక్కు ముంచుకుని ఆగిపోయింది. అందులోని ఇద్దరూ పైకెక్కి కూర్చున్నారు.

"పుస్తకం ఏమంటోంది?"

"ఎడమ పక్కనుంచి పొమ్మంటోంది. వాళ్ళూ అలాగే వెళ్ళారు."

ఆమె నీళ్ళ అంచున ట్రక్కు ఆపేసింది. "ఇంజనులోకి నీళ్ళు పోతే ఇంతే సంగతులు," అంది. "మళ్ళీ తాడే."

మాస్టారు బెల్టులు విప్పుకున్నాడు.

"ఎక్కడికి?"

"దారి కనబడనప్పుడు బండి కంటే ముందు మనిషి దిగాలి. స్కూల్లో మొదటి పాఠం ఇదే. ఆ రోజు మీరు రాలేదు."

నీళ్ళు నడుము దాకా వచ్చాయి, ఛాతీ దాకా వచ్చాయి. ఒకచోట కాలు జారి మనిషి మాయమయ్యాడు. ఆమె తలుపు తీసి సగం దిగేలోపు దగ్గుతూ మళ్ళీ పైకి తేలాడు. తడుముకుంటూ కుడివైపు పోగా పోగా, కాళ్ళ కింద గులకరాళ్ళు గట్టిగా తగిలాయి. అక్కడ నీళ్ళు తొడల దాకానే. అతను చేతులు రెండూ పైకెత్తి గుర్తుకొయ్యలా నిలబడ్డాడు. ఆమె తిన్నగా అతని మీదికే నడిపింది. చివరి క్షణంలో అతను పక్కకు తప్పుకుని, అవతలి గట్టున ట్రక్కెక్కాడు.

"మీకు ఈత బాగా వచ్చనుకుంటా."

"అస్సలు రాదు."

"మరెందుకు దిగారు?"

"మీరు దిగితే స్టీరింగ్ ఎవరు పడతారు? నేనైతే నలభై దాటను."

ఆమె ఒక మీట తిప్పింది. తడిసి చల్లబడ్డ మాస్టారి కాళ్ళ మీదికి వెచ్చటి గాలి వచ్చింది. బయట నిప్పులు చెరిగే ఎండ. ఆమె కణతల మీంచి చెమట ధారలు కడుతోంది. అయినా ఆ మీట జోలికి మళ్ళీ పోలేదు. పుస్తకంలోని అక్షరాలు మాస్టారికి కాస్త మసకబారాయి. వాగు నీళ్ళేలే అనుకున్నాడు.

గెలవలేదు గానీ, సొంత ఇంజను మీదే గీత దాటారు.

తండ్రి పరుగున వచ్చి తలుపు తీశాడు. లోపలి సెగకి ఓ అడుగు వెనక్కి వేశాడు. "ఇదేంటమ్మా? ఇంత ఎండలో హీటరా?"

"ఇంజను వేడి లాగుతుందని, నాన్నా." వేడెక్కిన ఇంజనుకి షెడ్డు వాళ్ళు చేసే చిట్కా అది.

తండ్రి వేడి చూపించే ముల్లు వంక చూశాడు. అది బుద్ధిగా సగం కిందే ఉంది. తడిసి ముద్దయిన మాస్టారిని చూశాడు, కూతురి చెమట చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి మాస్టారి చేతిలో పెట్టాడు.

"తల తుడుచుకో బాబూ, జలుబు చేస్తుంది." వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరగకుండానే అన్నాడు. "స్టీరింగ్ నీదేనమ్మా. పక్క సీటు సంగతి కూడా నువ్వే చూసుకో."

"మరి నేనో?" ఒంటికాలి మీద గెంతుకుంటూ అరిచాడు అన్నయ్య. తండ్రి అతని చెవి పట్టుకుని తీసుకుపోయాడు.

ఇద్దరే మిగిలారు.

"వచ్చే రేసుకీ వస్తారా?"

"రేసుకి మాత్రమే అయితే రాను."

ఆమె చటుక్కున చూసింది.

"మార్కెట్టుకి, సినిమాకి, ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా, ఏ పనీ లేక ఊరికే చుట్టిరావడానికైనా..." మాస్టారు తువ్వాలుకి చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. "అన్నిటికీ రమ్మంటే వస్తాను. ఎప్పటికీ రమ్మంటే ఇంకా మంచిది."

ఆమె జవాబు చెప్పకుండా దిగి, చుట్టూ తిరిగి ఇటువైపు వచ్చింది. తాళంచెవి అతని చేతిలో పెట్టింది. "జరగండి. ఇంటిదాకా మీరు నడపండి. ఆ సీట్లోంచి ఎలా ఉంటుందో నేనూ చూడొద్దా?"

మాస్టారు ట్రక్కును రోడ్డెక్కించాడు. స్పీడు ముప్పై. వెనక బళ్ళన్నీ బారులు తీరి మొత్తుకుంటున్నాయి. పక్కకు తప్పుకోవాలో, కాస్త తొక్కాలో తెలియక అతను ఆమె వైపు చూశాడు.

చిన్నమేస్త్రి సీట్లో వెనక్కి వాలి, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి గాలిని పట్టుకుంటోంది.

"ఇంకొంచెం నెమ్మదిగా పోనివ్వండి," అంది.