పదకొండో బోల్టు

"చాందినీ! లోపల్నే ఉన్నవా? నీళ్లు ఇడుస్తున్న!"

వ్యాన్ మీద నుంచి వినోద్ మామ కేక వేశాడు.

వ్యాన్ లోపల బెర్తు మీద మోకాళ్లపై నిలబడిన చాందిని "ఉన్న మామా! ఇడువు!" అని అంతకంటే గట్టిగా అరిచింది. అంత అరవనవసరం లేదు. కానీ ఆ రోజు ఆ పిల్ల మామూలుగా మాట్లాడే స్థితిలో లేదు. పొద్దున్నుంచీ గెంతుతూనే ఉంది.

ఎందుకు గెంతదు? రేపు తెల్లవారగానే సాపుతారా కొండలకు ప్రయాణం! బాపు లింగం మరమగ్గాల మిల్లులో పని చేస్తాడు. దీపావళికి సూరత్‌లో మిల్లులన్నీ మూసేశారు. మళ్లీ లాభ్ పాంచమ్ పండుగకే తెరుస్తారు. ఎప్పుడు సెలవు దొరికినా ఎవరిదో పెళ్లికి రైల్లో వెళ్లడమే తప్ప, ఊరికే చూడ్డానికి వెళ్లడం ఆ ఇంట్లో ఇదే మొదటిసారి. అదీ మామ స్వయంగా తయారుచేసిన క్యాంపర్ వ్యాన్‌లో.

వినోద్ మామ సూరత్ పక్కనున్న కడోదరాలో మెకానిక్. పాత స్కూల్ వ్యాన్ ఒకటి తెచ్చి, దాని రేకు టాప్ కోసేసి, ఎత్తైన ఫైబర్ టాప్ బిగించాడు. ఇప్పుడు లోపల బాపు కూడా తల వంచకుండా నిలబడవచ్చు. టాప్ కింద, రైల్లో ఉన్నట్టు ఒక పై బెర్తు. అది చాందినికీ, మూడేళ్ల తమ్ముడు హర్షకూ. నవాగామ్‌లో వాళ్ల గల్లీ పిల్లలందరూ అప్పటికే తలా నాలుగుసార్లు దాన్ని ఎక్కి దిగారు.

ఇక ఒక్క పనే మిగిలింది. టాప్ గట్టిగా ఉందా, ఎక్కడైనా కారుతోందా చూడాలి.

"చూడు కోడలా," అని మామ ముందే చెప్పాడు. "టాప్ చుట్టూ పదహారు బోల్టులున్నయ్. ఒక్కొక్కదాన్ని చేత్తోని పట్టుకొని ఊపి చూడాలె. నేను మీదికెళ్లి నీళ్లు కొడుత. నువ్వు అతుకు పొంటి బట్టతోని అద్దుకుంట రా. తడిసిన కాడ చాక్‌పీస్‌తోని గీత పెట్టు."

చాక్‌పీస్ దొరికింది. మరి బట్ట? అమ్మ కరుణ ఇంట్లోనే కూర్చుని కొత్త చీరలకు దారాలు కత్తిరించే పని చేస్తుంది. ఆమె మూటలో చీర ముక్కలు బోలెడు. తళతళలాడే గులాబీ రంగు ముక్క ఒకటి లాక్కొచ్చుకుంది చాందిని.

టాప్ మీద నీళ్లు దబదబా పడ్డాయి. జోరువానలో గొడుగు కింద కూర్చున్నట్టుంది! చాందిని ఒకటి, రెండు, మూడు బోల్టులు ఊపి చూసింది. ఏదీ కదల్లేదు.

"చాందినీ, జల్దీ ఆవ్!" బయట పిల్లలు తొందరగా రమ్మని పిలిచారు.

మిగతా బోల్టులను కళ్లతోనే లెక్కపెట్టేసింది. పదహారూ ఉన్నాయి. గులాబీ ముక్కను అతుకు వెంట సర్రున లాగింది. ముక్క తడిసినట్టే లేదు.

"అంతా ఓకే మామా! ఒక్క చుక్క రాలే!"

నీళ్లు ఆగాయి. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. "ఇగ నేను జలేబీ తెస్త," అని బాపు చెప్పులేసుకున్నాడు. అమ్మ దుప్పట్లు మడతపెట్టడం మొదలుపెట్టింది.

చాందిని దిండు తెచ్చుకుని బెర్తు మీద దర్జాగా పడుకుంది. హర్ష కూడా పాక్కుంటూ వచ్చి పక్కన చేరాడు.

టప్.

"అక్కా, వాన!" అన్నాడు హర్ష, ముక్కు తుడుచుకుంటూ.

చాందిని పైకి చూసింది. పదకొండో బోల్టు పక్కన నీటి బొట్టు వేలాడుతోంది. గులాబీ ముక్కతో తుడిచింది. బొట్టు పోలేదు. పక్కకు జారి మళ్లీ అలాగే నిలబడింది. అప్పుడర్థమైంది. పాలిస్టర్ ముక్క నీళ్లు పీల్చదు! వేలు పెట్టి చూస్తే బోల్టు లొడలొడలాడింది.

ఇప్పుడు చెబితే బోల్టు బిగించి, అతుక్కి కొత్తగా సిలికాన్ బంక పూయాలి. అది ఆరడానికి ఒక రోజు పడుతుందని మామ అంటుంటే విన్నది. అంటే రేపటి ప్రయాణం పోయినట్టే. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. దిండు కాస్త ఇటు జరుపుకుంటే చాలు.

జరుపుకుంది కూడా.

హర్ష ఆ ఖాళీలోకి దొర్లి, ఇంకో బొట్టు కోసం నోరు తెరిచాడు. పోయిన వారమే వాడికి జ్వరం తగ్గింది. కొండల మీద నిజంగా వానొస్తే? ఘాట్ రోడ్డులో గాలికి ఆ బోల్టు ఊడిపోతే? చాందినికి భయం వేసింది. తమ్ముణ్ణి చంకనేసుకుని గబగబా కిందికి దిగింది.

"మామా... కారుతుంది. పదకొండోది లూజున్నది. నేను అన్నీ ఊపలే. మూడే ఊపిన."

చప్పట్లు కొట్టిన పిల్లలే ముఖాలు ముడుచుకున్నారు. మామ లోపలికి వెళ్లి చూశాడు. తిరిగొచ్చి, ఆమె చేతిలో ఉన్న గులాబీ ముక్క చూసి పకపకా నవ్వాడు.

"అక్కా, నీ బిడ్డ చీర ముక్కతోని నీళ్లు అద్దింది! గిది జన్మల తడుస్తదా?"

"ఏం చేస్తది? మనింట్ల ఏడ చెయ్యి పెట్టినా గవే దొరుకుతయ్," అని అమ్మ కూడా నవ్వింది.

చాందినికి మాత్రం ఏడుపొచ్చింది. "నా వల్లనే రేపు పోతలేం."

"ఎల్లుండి పోదాం తియ్ బిడ్డా. మిల్లుల సాంచాలు ఇంక బంద్‌లనే ఉన్నయ్ గద," అన్నాడు అప్పుడే జలేబీ పొట్లంతో తిరిగొచ్చిన బాపు. "జలేబీ మాత్రం ఇయ్యాల్నే తిందాం."

మర్నాడు సాయంత్రానికి సిలికాన్ ఆరింది. మామ మళ్లీ పైపు పట్టుకుని పైకెక్కాడు. ఈసారి చాందిని బాపు నూలు తువ్వాల తెచ్చుకుంది. మొదటి బోల్టును పట్టుకుని ఊపింది. తువ్వాలను దాని పక్కన అదిమి పది దాకా లెక్కపెట్టింది. తీసి చెంపకు ఆనించి చూసింది. పొడిగా ఉంది. అప్పుడు గానీ రెండోదాని దగ్గరికి పోలేదు.

బయట పిల్లలు ఒకటే గోల. ఎవరో హారన్ కూడా కొట్టారు. రేపటి ప్రయాణానికి హర్ష ఇప్పుడే బూట్లు వేసుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

"అయ్యిందా కోడలా? బంద్ చెయ్యాల్నా?" పైనుంచి మామ కేక.

చాందినికి ఒక్క గెంతులో బయటికి దూకాలని ఉంది. అయినా పదమూడో బోల్టు మీద చెయ్యి తియ్యలేదు.

"ఇంక మూడున్నయ్! నీళ్లు బంద్ చెయ్యకు మామా!"