కుడికే తిరిగిన విమానం

2084 నాటికి కళ్యాణదుర్గం వైపు ఇళ్ళల్లో పొద్దున పాలు పొంగకముందే మబ్బుల లెక్క వినడం అలవాటైపోయింది. ఏ మబ్బులో ఎంత నీరుందో విమానం కొలిచి చెబుతుంది. చాలినంత ఉంటే ఉప్పుపొడి చల్లి వాన కురిపిస్తారు. లేకపోతే లేదు.

ఆ శ్రావణంలో ఒక్క విడత పొడే మిగిలింది. కింద వేరుశనగ ఊడలు నేలలోకి దిగే అదను, తడి కావాలి. ఆకాశంలో ఉన్నదల్లా ఒక్క మబ్బు.

దాని అంచుకు లోపలగా ఒక చుట్టు తిరిగి, పైలట్ ఓబులేసు తెరమీది అంకె చూశాడు.

"ఉత్తదేనమ్మా. వెనక్కి పోదామా?"

శాస్త్రవేత్త హంపమ్మ ఒప్పుకోలేదు. విమానం దూసుకుపోతుంటే గాలి దాని పొట్టకు, రెక్కలకు తగిలి పక్కకు మళ్ళుతుంది. దాంతోపాటు చినుకులూ దారి తప్పుతాయి. ఒకచోట గుంపవుతాయి, ఒకచోట అసలే ఉండవు. రెక్క కింద ఉన్న కొలత గొట్టం ఆ ఖాళీలో పడిందా, నిండు మబ్బు కూడా ఉత్తదిగా కనిపిస్తుంది. ఆ తేడాను పట్టి తీసేయడానికే ఆమె ఆరేళ్ళు కష్టపడి 'ప్రవాహశోధిని' అనే మాట్లాడే యంత్రాన్ని తయారుచేసింది. ఈ రోజే దానికి తొలి పరీక్ష.

"రెక్క తేడా తీసేశాను. ముక్కు తేడా తీసేశాను," అంది ప్రవాహశోధిని. "ఒకటి మిగిలింది. కుడికి ఒరిగితే పొట్ట పక్కనున్న చినుకుల్లేని చోటు కొలత గొట్టం మీదికొస్తుంది. ఎనిమిదేళ్ళ లెక్కల్లో ఎడమకు తిరిగింది ఒక్కసారీ లేదు. ఎందుకు?"

హంపమ్మ ఓబులేసు వైపు చూసింది.

"అప్రదక్షిణంగా యెట్ల తిరిగేదమ్మా? వానదేవుడు కదా!"

ఆమె నవ్వబోయి ఆగింది. అతను తిరిగినప్పుడల్లా పక్క సీట్లో చేతులు జోడించింది తనే. అది యంత్రానికి చెప్పాల్సిన సంగతని ఏనాడూ తోచలేదు.

"భక్తి తప్పంటావా?" అని యంత్రాన్ని మెల్లగా అడిగింది.

"తప్పో కాదో నాకు తెలియదు. నాకు చెప్పలేదు, అంతే."

"ఎడమకు తిప్పన్నా."

"లెంపలేసుకుందామంటే చేతులు ఖాళీ లేవు. నా బదులు నువ్వేసుకోమ్మా!"

హంపమ్మ వేసుకుంది. విమానం ఎడమకు ఒరిగింది. అంకె మూడింతలైంది. పొడి చల్లారు. అరగంటకల్లా మబ్బు కింద చేలమీదికి నల్లటి వానతెర దిగింది.

"పాత లెక్కలు దిద్దాను," అంది యంత్రం. "ఉత్తవని మీరు వదిలేసిన వాటిలో నలభై ఒక్కటి నిండు మబ్బులు."

ఓబులేసు కింద కురుస్తున్న వాన వైపు చూశాడు.

"అన్నిసార్లు పొమ్మన్నా, మళ్ళా మనకాడికే వచ్చినాడు సూడమ్మా, సామి."