ఆరని పూత

వాన పడుతోందని పడవ మీద టార్పాలిన్ కప్పి, లోపల బల్బు వేలాడదీసుకుని పనికి దిగాడు పాలిష్ మేస్త్రి. పాత పడవ. కొన్నది ఆయన బావమరిది. షికారుకు వచ్చే జనాన్ని తిప్పుకుని బతుకుదామని, తొందరగా నీళ్ళలోకి దింపాలని వాడి ఆత్రం.

"గీకడం దేనికి బావా? పైన ఇంకో పూత లాగించెయ్."

"కుళ్ళిన పుండు మీద పౌడరద్దమంటావేంరా? పాత వార్నిష్ అంతా పోవాలి, చెక్క కనబడాలి. ఆ తర్వాత రోజుకొక పూత. ఒకటి ఆరితేనే ఇంకోటి. నా దగ్గర దొంగపని కుదరదు!"

"నీతో పెట్టుకుంటే పడవకన్నా ముందు నేను మునుగుతాను," నవ్వాడు బావమరిది.

మేస్త్రి ముందుగా గీకబోయింది పడవ చుట్టూ ఉన్న చెక్క అంచును; ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ చెయ్యి ఆన్చేది దానిమీదే. వేడిగాలి గన్ను పట్టగానే పాత వార్నిష్ బుడగలెత్తి పెచ్చులుగా ఊడాలి. ఇది అలా ఊడలేదు. మెత్తగా సాగింది. పాల మీద మీగడలా ముడతపడి గీకుడు రేకుకు చుట్టుకుంది. వాసన కూడా వార్నిష్‌ది కాదు. వెంట్రుకలు కాలిన కమురు, దాని అడుగున ముక్కిపోయిన చెమట కంపు. మేస్త్రి ఊడిన పొరను బల్బు దగ్గరికి ఎత్తి చూశాడు. సన్నటి నూగు. చెమట రంధ్రాలు. మనిషి అరచేతిలో ఉండేలాంటి గీతలు.

"థూ!"

విదిలించాడు. వేలికి అతుక్కుని వదల్లేదు. చేతిగుడ్డకేసి రుద్దితే గానీ పోలేదు. అది గోరువెచ్చగా ఉంది...

"ఏమైంది బావా, ఆముదం తాగినట్టు పెట్టావు ముఖం?" అంటూ బావమరిది వంగి, గీకిన చోటే కుడిచెయ్యి ఆన్చాడు.

"తియ్యరా! చెయ్యి తియ్యి!"

తియ్యబోయాడు. రాలేదు.

"బావా..." వాడి గొంతు గుసగుసలోకి పడిపోయింది. "కిందనుంచి... నాకుతోంది."

చప్పరిస్తున్న చప్పుడు. తడిగా. మెల్లగా... చెక్కలోంచి.

చుక్కాని పట్టేది ఆ చేత్తోనే. అది పోతే వాడి బతుకే పోతుంది. మేస్త్రి మరి ఆలోచించలేదు. రేకును అరచేతి కింద దూర్చి, పళ్ళు బిగబట్టి గీకాడు. వాడు గావుకేక పెట్టాడు. చెయ్యి ఊడొచ్చింది. తోలు మాత్రం అక్కడే ఉండిపోయింది. చూస్తుండగానే అది చలికి జలదరించినట్టు ముడుచుకుని, చెక్కకు నున్నగా పరుచుకుంది.

మేస్త్రి అక్కడే భళ్ళున కక్కుకున్నాడు. వాడి చేతికి గుడ్డ చుట్టి, పడవ వంక మళ్ళీ చూడకుండా ఇంటికి లాక్కొచ్చాడు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి భార్య తమ్ముడి కట్టు విప్పింది.

"అరచెయ్యి లేచిపోయిందని ఇద్దరూ గోల చేశారు కదరా! ఏదీ గాయం?"

గాయం లేదు. నెత్తురు లేదు. గీతలూ లేవు. అరచెయ్యి తేనెరంగులో నిగనిగలాడుతోంది. లోపల సన్నగా చెక్క చారలు.

"ఏంటి బావా ఇది?"

మేస్త్రి అలవాటు కొద్దీ గోటితో నొక్కి చూశాడు. జిగటగా తీగ సాగింది.

"మొదటి పూత," అన్నాడు మెల్లగా. "ఇంకా ఆరలేదు."